సిస్టరమ్మ జవాబులు: ఇరవై నాలుగు గంటల డ్యూటీలో నిద్రెప్పుడు?

ఈ నెల శీర్షిక మొత్తం ఇళ్లల్లో పెద్దవాళ్లను చూసుకునే పని మీదే. క్రితం సంచికలో ఒక అటెండెంట్ రాసిన నాలుగు లైన్లు వేశాక ఉత్తరాలు, మెయిళ్లు, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు వరసపెట్టి వచ్చాయి. పని చేసేవాళ్లూ రాశారు, పనికి పెట్టుకున్నవాళ్లూ రాశారు. ఒకే ఇంట్లోంచి ఇద్దరూ విడివిడిగా రాశారేమో అని నాకు అనుమానం వచ్చిన ఉత్తరాలు కూడా ఉన్నాయి! పేర్లు తీసేశాం, భాష కొంచెం సరిచేశాం, కోపాలు మాత్రం అలాగే ఉంచాం.

ప్రశ్న: సిస్టరమ్మా, మాది కోనసీమ. హైదరాబాద్‌లో ఏజెన్సీ ద్వారా ఒకరింట్లో పక్షవాతం వచ్చిన మామ్మగారిని చూస్తున్నాను. ఇరవై నాలుగు గంటల డ్యూటీ. రాత్రి గంటకోసారి లేపుతారు. పగలు ఆవిడ కన్ను మూస్తే నేనూ నడుం వాలుద్దామనుకుంటాను, ఇంతలో వాళ్ల కోడలుగారు గిన్నెలు, బట్టలు, ఈ మధ్య పిల్లాడి టిఫిన్ బాక్స్ కూడా నాకే చెప్తున్నారు. "ఖాళీగానే ఉన్నావు కదా" అంటారు. వాళ్లు ఏజెన్సీకి 28,000 ఇస్తుంటే నాకు 17,000 చేతికొస్తోంది. మానేద్దామంటే నా ఆధార్ ఏజెన్సీ వాళ్ల దగ్గరే ఉంది.
— ఒక అటెండెంట్, మియాపూర్

జవాబు: ముందు ఆధార్ సంగతి చెప్తాను, ఎందుకంటే మిమ్మల్ని కట్టిపడేసింది జీతం కాదు, ఆ కార్డు. దాన్ని వాళ్లు ఉంచుకున్నంత మాత్రాన మీరు వాళ్లకు కట్టుబడి ఉండాలని ఎక్కడా లేదు. ఫోన్ నంబరు ఆధార్‌కి లింక్ అయి ఉంటే ఓటీపీతో ఈ-ఆధార్ మీరే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, అది ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతుంది. అలవాటు లేకపోతే మీసేవకు వెళ్లండి. టెన్త్ మెమో, ఇతర సర్టిఫికెట్లు మాత్రం ఏ ఏజెన్సీకీ ఒరిజినల్ ఇవ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చుకోండి.

ఇక నిద్ర. రాత్రి గంటకోసారి లేవాల్సిన పేషెంట్‌ని ఒక్క మనిషి చూడటం కుదరదు, అది ఇద్దరి పని. పగలు పన్నెండు గంటలు ఒకరు, రాత్రి పన్నెండు గంటలు ఒకరు. ఈ మాట మీరు నోటితో చెప్తే "అందరూ చేస్తున్నారుగా" అంటారు. అందుకని మూడు రాత్రులు లేచిన ప్రతిసారీ టైమ్, కారణం ఒక కాగితం మీద రాయండి. 11:20 నీళ్లు, 12:15 బాత్రూమ్, 1:05 బాత్రూమ్, 1:50 పక్క మార్చమన్నారు, ఇలా. ఆ కాగితం కోడలుగారికి ఒక్కరికే కాదు, ఆవిడ భర్తకూ ఆవిడకూ కలిపి చూపించండి. నిద్ర లేని మనిషి ఉదయం మాత్రలు తారుమారు చేసే ప్రమాదం ఉందని, బాత్రూమ్‌కి తీసుకెళ్తూ ఇద్దరూ పడే ప్రమాదం ఉందని చెప్పండి. జాలిపడి కాకపోయినా భయపడి అయినా వింటారు.

అదే కాగితం ఇంకో పని కూడా చేస్తుంది. అందులో ఎక్కువసార్లు బాత్రూమ్ అని ఉంటే, మామ్మగారికి లాసిక్స్ లాంటి నీటి మాత్ర సాయంత్రం పడుతోందేమో చూడండి. పడుతుంటే, పొద్దుటికి మార్చవచ్చా అని డాక్టర్‌ని అడగమనండి. మీరుగా మార్చకండి. రాత్రి టీ ఎన్నింటికి ఇస్తున్నారో కూడా చూసుకోండి. మూత్రంలో మంట ఉందేమో మామ్మగారినే అడగండి, పెద్దవాళ్లు చాలామంది సిగ్గుతో చెప్పరు.

మామ్మగారి బట్టలు, మామ్మగారి కంచం, మామ్మగారి మంచం, గది, మందులు మీ పని. పిల్లాడి టిఫిన్ బాక్స్ మీ పని కాదు. ఇది డ్యూటీలో చేరే రోజు తేల్చుకోవాల్సిన మాట, అయినా ఇప్పుడూ తేల్చుకోవచ్చు. ఒక తెల్లకాగితం మీద ఏ పనులు, ఏ గంటలు, వారంలో ఏ రోజు సెలవు, ఆ రోజు ఎవరు చూస్తారు, జీతం ఏ తారీఖున అని రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. స్టాంపు పేపరు అక్కర్లేదు. ఇళ్లల్లో పనికి ఫ్యాక్టరీకి వచ్చినట్టు ఇన్‌స్పెక్టర్ ఎవరూ రారు, కాబట్టి ఆ కాగితమే మీకు దిక్కు.

ఆ 11,000 సంగతి: ఏజెన్సీ కమీషన్ తీసుకోవడం తప్పని నేననను. కానీ దానికి బదులు మీకేం చేస్తోంది? సెలవు పెడితే బదులు మనిషిని పంపుతోందా, జ్వరం వస్తే ఒక రోజు జీతమైనా ఇస్తోందా, గొడవైతే మీ తరఫున మాట్లాడుతోందా? మూడింటికీ కాదు అనే జవాబు వస్తే వేరే ఏజెన్సీ వెతుక్కోండి. మీ వంతుగా ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన పోర్టల్‌లో, పేరు నమోదు చేయించుకోండి, బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టండి, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. శ్రమయోగి మాన్‌ధన్ పెన్షన్ మాత్రం నెల ఆదాయం 15,000 దాటనివాళ్లకే, 17,000 వచ్చే మీకు అది కుదరదు.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. విజయవాడలో అమ్మకి డిమెన్షియా. కేర్‌టేకర్‌ని పెట్టి హాల్లో, బెడ్‌రూమ్‌లో కెమెరాలు పెట్టించాను. మొన్న చూస్తే అమ్మ "నాన్నగారు వచ్చారా" అని పదే పదే అడుగుతోంది, ఆవిడేమో ఫోన్ చూసుకుంటోంది. కాల్ చేసి గట్టిగా మందలించాను. మర్నాడు బెడ్‌రూమ్ కెమెరా మీద టవల్ కప్పేసింది! ఎంత ధైర్యం? నమ్మి అమ్మని అప్పగించాం కదా.
— ఒక కూతురు

జవాబు: ఆ టవల్ కప్పిన టైమ్ ఎంతో చూశారా? మీ అమ్మగారికి డైపర్ మార్చేది, ఒళ్లు తుడిచేది ఆ గదిలోనే కదా. ఆ కెమెరా యాప్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉందా, మీ తమ్ముడి దగ్గర, మీవారి దగ్గర, కెమెరా బిగించిన కుర్రాడి దగ్గర కూడా ఉందా? మతి సరిగ్గా ఉన్న రోజుల్లో మీ అమ్మగారు ఇందుకు ఒప్పుకునేవారా? కేర్‌టేకర్ మిమ్మల్ని ఎదిరించడానికే కప్పి ఉండొచ్చు, కాదనను. ఆవిడ ఉద్దేశం ఏదైనా అక్కడ టవల్ ఉండటమే మంచిది. హాల్లో కెమెరా ఉంచండి, మందుల టేబుల్ కనిపించేలా ఒకటి ఉంచండి, అవి ఉన్నాయని ఆవిడకు చెప్పండి. బెడ్‌రూమ్‌ది తీయించేయండి.

ఇక ఫోన్ చూసుకోవడం. పన్నెండు గంటల డ్యూటీలో పది నిమిషాలు ఫోన్ చూడని మనిషి ఎవరమ్మా? మీ ఆఫీసులో ఉన్నారా? అసలు అడగాల్సింది, ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో ఆవిడకి ఎవరైనా నేర్పారా అని. నాన్నగారు పోయారనుకుంటున్నాను. "ఆయన పోయారమ్మా" అని ప్రతిసారీ చెప్తే మీ అమ్మగారికి ప్రతిసారీ అప్పుడే విన్నంత దుఃఖం. "ఇదిగో వస్తున్నారు" అని ప్రతిసారీ అబద్ధం చెప్తే గుమ్మం దగ్గరే కూర్చుంటారు. "నాన్నగారు గుర్తొచ్చారా? ఆయనకి ఏం కూర ఇష్టం?" అని మాట అటు తిప్పాలి, చేతికి ఏదో పని ఇవ్వాలి. చిక్కుడుకాయలు ఈనె తీయడం, పాత చీరలు మడతపెట్టడం, ఏదైనా సరే. సాయంత్రం నాలుగు, ఐదు దాటాక ఈ అడగడం ఎక్కువవుతుంది, ఆ జబ్బులో అది మామూలే, ఆ టైమ్‌కి లైట్లు ముందే వేసేయమనండి. ఒకవేళ రెండు రోజుల్లోనే ఉన్నట్టుండి గందరగోళం బాగా పెరిగితే మాత్రం అది డిమెన్షియా ఖాతాలో వేయకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఒంట్లో నీళ్లు తగ్గి ఉండొచ్చు, కొత్త మాత్ర పడకపోయి ఉండొచ్చు. వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

కెమెరా కన్నా ఒక లాంగ్‌నోట్‌బుక్ ఎక్కువ చెప్తుంది. నేను ట్రైనింగ్ ఇచ్చిన ఒక అమ్మాయి రాసిన పేజీ నా దగ్గరుంది: "6:10 లేచారు, డైపర్ తడి, ఒళ్లు చూశాను ఎరుపు లేదు. 7:30 ఇడ్లీ ఒకటిన్నర, మింగడం బాగుంది. 8:00 బీపీ మాత్ర, ఉమ్మేశారు, మళ్లీ ఇవ్వలేదు, కొడుకుకి ఫోన్ చేశాను. 11:00 విరేచనం గట్టిగా. 12:30 అన్నం వద్దన్నారు, మజ్జిగ ఒక గ్లాసు. కోపంగా ఉన్నారు." చూడండి, ఉమ్మేసిన మాత్ర మళ్లీ ఇవ్వకుండా ఫోన్ చేసిందని ఏ కెమెరాలో తెలుస్తుంది? రోజూ రాత్రి ఆ పేజీ ఫొటో తీసి పంపమనండి. మీరు కాల్ చేసినప్పుడు ముందు "మీరు తిన్నారా" అని ఆవిడని అడిగి తర్వాత అమ్మ సంగతి అడగండి.

నిజంగా అనుమానపడాల్సినవి వేరే ఉన్నాయి: పై చేతుల మీద వేళ్లు పడ్డట్టు కమిలిన మచ్చలు, బరువు తగ్గడం, ఎప్పుడు చూసినా మత్తుగా పడుకుని ఉండటం, ఆ మనిషి దగ్గరకొస్తే ముడుచుకుపోవడం. అలాంటివి కనిపిస్తే ఊళ్లో ఉన్న బంధువుని చెప్పకుండా ఇంటికి పంపండి, అక్కడి నుంచి పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కి చేయించండి.

ప్రశ్న: అక్కా, నేను చూసే పెద్దాయనకి 78 ఏళ్లు. తుంటి ఎముక విరిగింది. స్నానం చేయించేటప్పుడు చేతులు ఎక్కడెక్కడో వేస్తారు, మాటలు కూడా బాగుండవు. వాళ్లబ్బాయికి చెప్తే "వయసైపోయింది, మతి లేదు, పట్టించుకోకు" అన్నాడు. కానీ అక్కా, ఆయన పొద్దున్నే షేర్ల ధరలు నోటికి చెప్తారు.
— పేరు వద్దు, విశాఖ

జవాబు: షేర్ల ధరలు నోటికి చెప్పే మనిషికి ఎదుటి ఆడమనిషి ఒళ్లు ఎక్కడ మొదలవుతుందో తెలియదా? జబ్బో కాదో డాక్టర్ తేలుస్తాడు, అప్పటిదాకా అది భరించాల్సిన అవసరం మీకు లేదు.

కొన్ని రకాల డిమెన్షియాలో సిగ్గూ హద్దూ తెలియకుండా పోవడం నిజంగానే జరుగుతుంది. అలాంటి పేషెంట్ అయితే నవ్వకూడదు, అరవకూడదు. ఒక అడుగు వెనక్కి వేసి, పేరు పెట్టి పిలిచి, "ఇది వద్దు" అని గట్టిగా ఒక్కసారి చెప్పాలి. స్నానం చేయిస్తున్నప్పుడు ఆయన రెండు చేతులకూ తువ్వాలు ఇచ్చి పట్టుకోమనాలి, నడుము నుంచి కిందకి గుడ్డ కప్పే ఉంచి కొంచెం కొంచెంగా తుడవాలి, ఆ టైమ్‌లో ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. మగ అటెండెంట్‌ని పెట్టుకుంటే గొడవే ఉండదు.

మీ కేసులో నాకు ఆ జబ్బు కనిపించడం లేదు. రేపే ఏజెన్సీకి వాట్సాప్‌లో రాయండి, నోటిమాటగా చెప్పొద్దు: ఏ తారీఖున ఏం జరిగింది, కొడుక్కి ఎప్పుడు చెప్పారు, ఆయనేమన్నాడు. ఆ ఇంటికి ఆడ అటెండెంట్‌ని పంపొద్దని అడగండి, మిమ్మల్ని మార్చమనండి. మారిస్తే సరే. జీతం ఆపుతామంటే, లేదా మీరే కంప్లయింట్ ఇద్దామనుకుంటే దారి ఉంది. 2013 నాటి పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం ఇంటిపని చేసేవాళ్లకీ వర్తిస్తుంది. జిల్లా కలెక్టర్ కింద లోకల్ కమిటీ ఉంటుంది, మూడు నెలల లోపు రాసి ఇవ్వాలి. ఇంటిపని చేసేవాళ్ల ఫిర్యాదులో పస ఉందనిపిస్తే ఆ కమిటీ ఏడు రోజుల్లో పోలీసులకు పంపాలి. ఇప్పటికిప్పుడు సాయం కావాలంటే మహిళల హెల్ప్‌లైన్ 181 లేదా ఎమర్జెన్సీ నంబరు 112. ఆ అబ్బాయి ఈ పేజీ చదివితే బాగుండు.

ప్రశ్న: పేషెంట్ వెనక భాగంలో పుండు పడింది. నేను చేరి ఐదో రోజు. "నీ నిర్లక్ష్యం వల్లే" అని జీతం కట్ చేస్తామంటున్నారు. రోజుకు రెండుసార్లు పౌడర్ కూడా రాస్తున్నాను మేడమ్.
— ఒక అన్న, వరంగల్

జవాబు: పడక పుండు ఒక్కరోజులోనూ మొదలవ్వచ్చు, చర్మం లోపల ముందే పాడై కొన్ని రోజుల తర్వాత పైకి తేలవచ్చు కూడా. కాబట్టి ఐదో రోజున కనిపించిందంటే మీ వల్లే అని గానీ, మీ వల్ల కాదని గానీ నేనిక్కడ కూర్చుని చెప్పలేను. ఇక ముందు ఏ ఇంట్లో చేరినా మొదటి గంటలోనే ఇంటివాళ్లు పక్కనుండగా ఒళ్లంతా చూడండి. నడుము కింద ఎముక, తుంటికి రెండు పక్కలా, మడమలు, మోచేతులు, చెవుల వెనక, తల వెనక. ఎక్కడ ఏముందో పుస్తకంలో రాసి వాళ్లచేత సంతకం పెట్టించండి.

ఎర్రగా కనిపించిన చోట వేలితో నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫరవాలేదు, తిప్పితే తగ్గుతుంది. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదలైనట్టే. మన నల్లటి ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, అందుకని చేతి వెనక వైపుతో తాకి చూడాలి, పక్క చర్మం కన్నా వేడిగానో గట్టిగానో మెత్తగానో ఉందా అని. అక్కడ రుద్దకండి. మాలిష్ వద్దు, స్పిరిట్ వద్దు, మధ్యలో చిల్లున్న గాలి రింగు అసలే వద్దు, చుట్టూ రక్తం ఆపేస్తుంది. పౌడర్ ఆపేయండి, చెమటకి ముద్దకట్టి గీరుకుంటుంది. శుభ్రంగా కడిగి, రుద్దకుండా అద్ది ఆరబెట్టండి.

మందు ఏమిటంటే తిప్పడమే. రెండు గంటలకోసారి. పూర్తిగా పక్కకి తిప్పేస్తే తుంటి ఎముక మీద బరువు పడుతుంది, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా ఉంచండి, మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఇంకొకటి, మడమలు పరుపుకి తగలకూడదు. ఎయిర్ బెడ్ కొన్నాం కదా, ఇక తిప్పక్కర్లేదు అనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. అది సాయమే తప్ప బదులు కాదు. చర్మం ఊడినా, నీరు కారినా, వాసన వచ్చినా డ్రెస్సింగ్ నర్సు పని, మీది కాదు. గుడ్లు, పప్పు, పాలు సరిగా లేకుండా ఏ పుండూ మానదని ఇంటివాళ్లకు చెప్పండి, కిడ్నీ జబ్బు ఉంటే ఎంత పెట్టాలో డాక్టర్‌ని అడగమనండి.

ప్రశ్న: తాతగారు 82 కిలోలు, నేను 48. కుడి పక్క పడిపోయింది. మంచం మీద నుంచి వీల్‌చైర్‌కి లేపడంలో నా నడుం పోయింది సిస్టరమ్మా.
— నెల్లూరు

జవాబు: ఎత్తకండి. అసలు ఎత్తాలనుకోవడమే తప్పు, ఆయన్ని ఆయన కాళ్ల మీద లేపి తిప్పాలి అంతే. వీల్‌చైర్‌ని ఆయన ఎడమ పక్క, అంటే బలం ఉన్న పక్క, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టండి. బ్రేకులు రెండూ వేసి, కాళ్లు పెట్టుకునే ప్లేట్లు పైకి మడవండి. మంచం అంచున కూర్చోబెట్టి ఒకటి రెండు నిమిషాలు ఆగండి, పెద్దవాళ్లకి లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. పాదాలు నేలకి పూర్తిగా ఆనాలి, చెప్పులు జారేవి కాకూడదు. ఆయన చెయ్యి మీ మెడ చుట్టూ వేయనివ్వకండి, చంకల కింద పట్టుకుని లాగకండి. పక్షవాతం వచ్చిన భుజం జారిపోతుంది, మళ్లీ ఆ నొప్పికి మీరే బాధ్యులవుతారు. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి. మీ మోకాలు ఆయన కుడి మోకాలికి అడ్డంగా ఆనించి, మీ మోకాళ్లు వంచి, "ఒకటి, రెండు, మూడు, లేవండి" అని ఆయన్నీ ముందుకు వంగి లేవమనండి. లేచాక మీ నడుము మెలితిప్పకుండా పాదాలతో తిరగండి.

ఆయన కాలు అస్సలు ఊనలేకపోతే ఇద్దరు మనుషులు ఉండాలి, లేదా లిఫ్టర్ అద్దెకు తెప్పించాలి. ఆ రెండూ లేని ఇంట్లో ఒంటరిగా చేయనని చెప్పేయండి. ఆయన కింద పడితే కూడా వెంటనే లేపకండి. నొప్పి ఎక్కడ, తలకి తగిలిందా, కాలు పొట్టిగా గానీ బయటకి తిరిగి గానీ ఉందా చూసి, అనుమానం ఉంటే కదల్చకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర. మా బావ ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్. నాకు 27 ఏళ్లు, డిగ్రీ. ఒక ఏజెంట్ 12 లక్షలు అడుగుతున్నాడు, పొలం అమ్మి వెళ్లొచ్చా?
— ఒక తమ్ముడు

జవాబు: పొలం అమ్మకు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వెళ్లి అక్కడ ముసలివాళ్లను చూసుకుంటూ ఇళ్లు కట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, నిజమే. అప్పు తీరకముందే పేషెంట్ చనిపోయి ఇంకో ఇల్లు వెతుక్కోలేక తిరిగినవాళ్లూ ఉన్నారు, వాళ్లు బతుకమ్మకి వచ్చి ఆ కథ చెప్పరు. అక్కడ నీ వీసా కేర్‌గివర్ పనికే, హోటల్లోనో తోటలోనో చేరతానంటే కుదరదు. మామూలుగా 63 నెలల లెక్క, ఐదేళ్ల మూడు నెలలు. 12 లక్షలకి వడ్డీతో కలిపి ఎన్ని నెలలు పోతాయో ముందు కాగితం మీద లెక్క వెయ్యి.

మన దేశంలో లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ 30,000, దాని మీద జీఎస్టీ. నీ ఏజెంట్ అడిగింది దానికి ఎన్ని రెట్లో చూడు. అతని పేరు కేంద్రం వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో కూడా చూడు. రెండు ప్రభుత్వాల మధ్య 2023లో ఒప్పందం జరిగింది, 2024లో ఎన్ఎస్‌డీసీ (జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ) ద్వారా కేర్‌గివర్లను పిలిచినప్పుడు టెన్త్ పాసవడం, గుర్తింపున్న సంస్థలో కనీసం 990 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ అడిగారు. అంటే డబ్బు కన్నా ముందు నీకు కావాల్సింది ఆ ట్రైనింగ్. విదేశాల్లో ఉద్యోగాలకు పంపే ప్రభుత్వ సంస్థలున్నాయి, తెలంగాణలో టామ్‌కామ్ ఆఫీసులో కనుక్కో, ఆంధ్రవాళ్లయితే ఓంక్యాప్. అక్కడ యుద్ధం వస్తే సైరన్ మోగాక మంచం మీద పేషెంట్‌ని షెల్టర్‌కి ఎలా తీసుకెళ్తారని మీ బావనే అడుగు, నిజం చెప్పమను. చివరిది: నువ్వు ఇంతవరకు ఎవరికైనా డైపర్ మార్చావా? ముందు ఇక్కడ, కరీంనగర్‌లోనో హైదరాబాద్‌లోనో కొన్నాళ్లు చేసి చూడు. ఒంటికి పడితేనే వెళ్లు.

ప్రశ్న: ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబ్ ఉన్నవాళ్లకి మాత్రలు అన్నీ కలిపి నూరి వేయొచ్చా?

జవాబు: వద్దు. పేరు పక్కన ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఈఆర్ అని ఉన్నవి నూరితే రోజంతా కొంచెం కొంచెంగా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. కడుపులో కరగకుండా పైపూత ఉన్న గ్యాస్ మాత్రల్లాంటివీ నూరకూడదు. డాక్టర్‌నో మెడికల్ షాపులో ఫార్మసిస్ట్‌నో అడిగి మార్పించుకోండి. నూరదగ్గవి కూడా విడివిడిగా కలపాలి, ముందూ వెనకా మామూలుగా 30 మిల్లీలీటర్ల నీళ్లు పంపాలి. తల వైపు ఎత్తుగా ఉంచే తాపాలి, తర్వాత ఒక గంట పడుకోబెట్టొద్దు. ట్యూబ్‌కి ముక్కు దగ్గర గుర్తు పెట్టుకోండి. గుర్తు జరిగితే ఏదీ వేయకండి, మీరుగా లోపలికి నెట్టకండి.

ప్రశ్న: రెండేళ్లు ఒక తాతగారిని చూసుకున్నాను. నా చేతుల్లోనే పోయారు. తెల్లారేసరికి ఏజెన్సీ "కొత్త డ్యూటీ రెడీ" అని ఫోన్. ఇంటివాళ్లు పదో రోజుకి పిలవలేదు. నాకు ఇప్పటికీ అర్ధరాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, ఆయనకి పక్క మార్చే టైమ్ అది. ఏడిస్తే ప్రొఫెషనల్ కాదని ట్రైనింగ్‌లో చెప్పారు.
— ఒక తమ్ముడు, గుంటూరు

జవాబు: ఆ మాట చెప్పినవాళ్లు ఎప్పుడూ ఎవరికీ చివరి స్నానం చేయించి ఉండరు. హాస్పిటల్లో నర్సులం స్టోర్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి తర్వాతి బెడ్ చూసేవాళ్లం. పేషెంట్ ముందు చేతులు వణక్కపోతే చాలు.

పదో రోజుకి పిలవకపోవడం కావాలని చేసింది కాకపోవచ్చు, ఆ పది రోజులు ఇంట్లోవాళ్లకి ఎవరిని పిలిచామో ఎవరిని మరిచామో తెలియదు. అయినా నీకు తగిలిన దెబ్బ చిన్నది కాదు. చివరి రెండేళ్లలో ఆయన ఏ పక్క పడుకుంటే దగ్గు తగ్గుతుందో తెలిసినవాడివి నువ్వొక్కడివే. ఒకసారి ఫోన్ చేసి, వచ్చి ఫొటోకి దండం పెట్టుకుంటానని అడుగు. చాలా ఇళ్లల్లో ఈ ఒక్క ఫోన్‌తో వాళ్లూ ఏడుస్తారు, నువ్వూ ఏడుస్తావు, అది అవసరం. వెళ్లినప్పుడు మొహమాటపడకుండా ఒక అనుభవ పత్రం కూడా రాయించుకో: ఎన్నాళ్లు చూశావు, ఏ జబ్బు, ఏమేం చేసేవాడివి. ఏడాది తర్వాత అడిగితే ఆ ఇల్లు అమ్మేసి ఉంటారు. ఏజెన్సీకి వారం టైమ్ అడుగు. డబ్బు ఇబ్బంది ఉండి కుదరకపోతే, ఈసారికి ఆపరేషన్ అయి కోలుకునే పేషెంట్‌ని ఇవ్వమను, మళ్లీ చివరి దశలో ఉన్నవాళ్లు వద్దని చెప్పు. రెండింటికి మెలకువ ఇంకా నెలల తరబడి వస్తుంటే, తిండి మీద ధ్యాస పోతే, మనసు బాగోలేనివాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

ప్రశ్న: కువైట్‌లో ఎనిమిదేళ్లు ఒక ముసలమ్మను చూశాను. కడప వచ్చేశాను. ఇక్కడ సర్టిఫికెట్ లేదని తక్కువ జీతం అంటున్నారు.

జవాబు: పని వచ్చినవాళ్లని మొదటి నుంచి చదివించకుండా, పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఉంది, ఆర్పీఎల్ అంటారు. స్కిల్ సెంటర్‌లో "జనరల్ డ్యూటీ అసిస్టెంట్" లేదా "హోమ్ హెల్త్ ఎయిడ్" అనే కోర్సు పేరు చెప్పి ఆర్పీఎల్ ఉందా అని అడగండి. మీరు అరబ్బీ మాట్లాడతారని మాత్రం ఎక్కడా దాచకండి. హైదరాబాద్‌ పెద్దాసుపత్రులకు గల్ఫ్ పేషెంట్లు వస్తారు, వాళ్లకి మాట తెలిసిన అటెండెంట్ దొరకడం కష్టం.

ప్రశ్న: అటెండెంట్‌కి భోజనం కూడా మేమే పెట్టాలా? జీతం ఇస్తున్నాం కదా.
— ఒక గృహిణి

జవాబు: ఇరవై నాలుగు గంటల డ్యూటీ అయితే పెట్టాలి, మీ ఇంట్లో ఏం వండితే అది, వేడిగా ఉన్నప్పుడే. పన్నెండు గంటలదైతే చేరే రోజే మాట్లాడుకోండి, బాక్స్ తెచ్చుకుంటారా, మీరు పెడతారా, టీ ఎన్నిసార్లు. ఆవిడ తినే అరగంట పేషెంట్ దగ్గర ఎవరు కూర్చుంటారో కూడా అప్పుడే చెప్పండి, లేకపోతే ఆ కంచం మంచం పక్కన స్టూలు మీదే చల్లారుతుంది.